క్రిస్మస్, న్యూ ఇయర్‌కి ఇంట్లో డెజర్ట్ కాక్‌టెయిల్: ఖుబానీయా, డబుల్ కా మీఠానా, కాఫీనా?

డిసెంబర్ 20 దాటిందంటే హైదరాబాద్‌లో ఇంటి పార్టీల హడావిడి మొదలు. బిర్యానీ బయటి నుంచి వస్తుంది, స్టార్టర్లు ఎవరో ఒకరు పట్టుకొస్తారు, మందు పని ఒక ఫుల్ బాటిల్, నాలుగు సోడాలతో తెమిలిపోతుంది. ఇబ్బందంతా భోజనం తర్వాతే. నిండిన పొట్ట మీద గిన్నెడు స్వీటు ఎవరూ తినలేరు, అలాగని తీపి లేకుండా లేవబుద్ధి కాదు. చిన్న గ్లాసులో చల్లగా, తీపీ మందూ కలిసిన డెజర్ట్ కాక్‌టెయిల్ సరిగ్గా అక్కడ కుదురుతుంది.

ఏది చెయ్యాలన్నదే తేలదు. ఫోన్ తెరిస్తే బోలెడు రకాలు. వాటిలో చాలావాటికి కావలసిన లిక్కర్లు, అంటే కాఫీ, చాక్లెట్ లాంటి రుచులు కలిపిన తియ్యటి మందులు, మన కాలనీ వైన్ షాపులో ఉండవు. పెద్ద స్టోర్‌కి వెళ్లి కొన్నా రెండు మూతలు వాడాక మిగతా సీసా అల్మారాలో మూలన పడి ఉంటుంది. అందుకని ఇక్కడ దొరికే సరుకుతో, మామూలు వంటింట్లో అయ్యేవాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఎంచుకునేటప్పుడు నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: మందు తీసేస్తే ఆ గ్లాసులో ఏం మిగులుతుంది? బార్‌కి వచ్చేవాళ్లంతా తాగడానికే వస్తారు. ఇంటికి వచ్చేవాళ్లలో అత్తయ్య ఉంటుంది, కారు నడిపి అందరినీ దింపాల్సిన బావగారు ఉంటారు, కడుపుతో ఉన్న మరదలు ఉంటుంది, పదేళ్ల పిల్లలు ఉంటారు. వాళ్లందరికీ ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింక్ తీసి ఇచ్చి, మిగతావాళ్లం మాత్రం నురగలు తేలే గ్లాసులు పట్టుకుని కూర్చోవడం మర్యాదగా ఉండదు. అసలు తీపి మందు లేకుండానే పూర్తిగా తయారై ఉండాలి, మందు చివర్లో గ్లాసు గ్లాసుకీ విడిగా పడాలి. ఈ పద్ధతికి లొంగేవే ఇంటి పార్టీకి పనికొస్తాయి. ముందు రోజే చేసి పెట్టుకోవచ్చా, కొత్త సీసాలు ఎన్ని కొనాలి అన్నవి దాని తర్వాత ప్రశ్నలు.

ఖుబానీ, బ్రాందీ

నా ఓటు దీనికే, దాపరికమేమీ లేదు. ఖుబానీ అంటే ఎండు ఆప్రికాట్, దానితో చేసే ఖుబానీ కా మీఠా హైదరాబాద్ పెళ్లి భోజనాల్లో తినని వాళ్లుండరు. దాన్ని గ్లాసులోకి దించడానికి పెద్దగా మార్చాల్సిందేమీ లేదు కూడా. ఎండు ఖుబానీకి ఉన్న ఆ తేనె లాంటి లోతైన తీపి, వెనకాల వచ్చే చిన్న పులుపు బ్రాందీతో బాగా కలిసిపోతాయి. అసలైన బ్రాందీ పుట్టేది కూడా పండు నుంచే మరి.

సరుకు దగ్గర జాగ్రత్త పడాలి. బేగంబజార్ డ్రై ఫ్రూట్ దుకాణాల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి గింజతో ఉండే గోధుమరంగు ఖుబానీ, గుండ్రంగా, రాయిలా గట్టిగా ఉంటుంది. రెండోది గింజ తీసేసి, నారింజ రంగులో మెత్తగా మెరుస్తూ ఉంటుంది. ఆ రంగు చెడకుండా దానికి సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు. చూడటానికి రెండోదే బాగుంటుంది గానీ, పులుపు ఎక్కువ, వండితే జామ్ రుచి వస్తుంది. మనకు కావలసింది మొదటిదే.

పావు కిలో ఖుబానీని కడిగి, ముప్పావు లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున్నకి అవి ఉబ్బి, నీళ్లు పలచని టీ డికాక్షన్ రంగుకి తిరుగుతాయి. ఆ నీళ్లు పారబోయకండి, సగం రుచి అందులోనే ఉంటుంది. ఒక్కో పండునీ బొటనవేలితో నొక్కితే గింజ జారి బయటికొస్తుంది. ఆ గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లడం మన దగ్గర ఉన్న అలవాటే. కానీ చేదుగా ఉన్న పప్పు మాత్రం వాడకండి, అందులో ఒంటికి పడని పదార్థం ఉంటుంది. ఒక్కోటీ కొరికి చూసే ఓపిక లేకపోతే వేయించిన బాదం చీలికలతో సరిపెట్టుకోవచ్చు.

గింజలు తీసిన పండ్లని అదే నీళ్లలో సన్నని మంట మీద ఓ 20 నిమిషాలు ఉడికించి, నూరు గ్రాముల పంచదార వేసి కరిగాక దించెయ్యండి. చల్లారాక మిక్సీ పట్టి జల్లెడలో వడగట్టండి. చెంచాతో తీసి వంచితే ధారగా జారాలి, ముద్దగా పడితే కొంచెం నీళ్లు కలపండి. అర చెక్క నిమ్మరసం పిండితే తీపి మొహం మొత్తదు. ఇది పది పన్నెండు గ్లాసులకి వస్తుంది.

వడ్డించేటప్పుడు గ్లాసుకి 60 మి.లీ. గుజ్జు, 45 మి.లీ. బ్రాందీ, నాలుగు ఐసు ముక్కలు. షేకర్ లేకపోతే మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బా ఏదైనా పనికొస్తుంది. డబ్బా బయట చెమట పట్టేదాకా ఊపి, ఐసు రాకుండా చిన్న గ్లాసులో వంచండి. పైన ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డ ఫ్రెష్ క్రీమ్ ఒక టేబుల్‌స్పూన్. చెంచాని బోర్లా తిప్పి గుజ్జుకి ఆనించి, దాని వీపు మీద నుంచి క్రీమ్‌ని మెల్లగా జార్చాలి. అప్పుడది తెల్లటి పొరలా పైన నిలబడుతుంది. గబుక్కున పోస్తే కిందకి దిగి, పులుపు తగిలి తరకలు కట్టినట్టు కనిపిస్తుంది. ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది కాబట్టి ఎంత గిలకొట్టినా గట్టిపడదు, ఆ ప్రయాస పెట్టుకోకండి.

మందు వద్దన్నవాళ్లకి అదే గుజ్జు, అదే క్రీమ్, బ్రాందీ బదులు కొంచెం చల్లని నీళ్లు. ఎవరికీ ఏదీ తగ్గినట్టు ఉండదు. దీని మైనస్ ఒక్కటే: ముందు రోజు రాత్రి గుర్తుపెట్టుకుని నానబెట్టాలి. డిసెంబర్ 31 సాయంత్రం ఐదింటికి ఐడియా వస్తే ఇది అవ్వదు.

రమ్ము కస్టర్డ్, అంటే మన ఎగ్‌నాగ్

పదిహేను ఇరవై మంది వస్తున్నారా, ఖుబానీ గింజలు తీస్తూ కూర్చునే టైమ్ లేదా, అయితే ఇది. విదేశాల్లో క్రిస్మస్‌కి తాగే ఎగ్‌నాగ్‌లో పాలు, క్రీమ్, పంచదార, గుడ్లు, రమ్మో బ్రాందీయో, పైన జాజికాయ పొడి ఉంటాయి. పాత పద్ధతిలో గుడ్లు పచ్చివే కొడతారు. దుకాణం ముందు ఎండలో అట్టల కొద్దీ పేర్చిన గుడ్లతో ఆ పని నేను చెయ్యను, మిమ్మల్నీ చెయ్యమనను. మందు పోస్తే క్రిములు చస్తాయిలే అనే ధీమా కూడా వద్దు. గుడ్డు వెయ్యాలనే ఉంటే పాలతో కలిపి సన్నని సెగ మీద కలుపుతూ 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చెయ్యాలి. థర్మామీటర్ లేని ఇంట్లో అది కొంచెం టెన్షన్ పనే, ఒక్క క్షణం ఏమరుపాటైతే పొరటు అవుతుంది.

దానికంటే కస్టర్డ్ పౌడర్ హాయి. మామూలుగా దొరికే వాటిలో ఉండేది మొక్కజొన్న పిండి, రంగు, వెనీలా వాసన. గుడ్డు తినని వాళ్లూ తాగొచ్చు, కొనేముందు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే చాలు. లీటరు చిక్కటి పాలకి రెండు టేబుల్‌స్పూన్ల పౌడర్, 120 గ్రాముల పంచదార. పౌడర్‌ని ముందు చల్లని పాలలో కలుపుకుంటే ఉండ కట్టదు. రెండు లవంగాలు, చిటికెడు శొంఠి పొడి వేసి కాస్తే ప్లమ్ కేక్ వాసన దగ్గరికి వస్తుంది. చల్లారేదాకా మీగడ కట్టకుండా మధ్యమధ్యలో కలపాలి, లేదంటే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పాలి. గ్లాసుకి 120 మి.లీ. కస్టర్డ్, 45 మి.లీ. డార్క్ రమ్ము, పైన జాజికాయ పొడి ఇసుమంత. జాజికాయ ఎక్కువైతే చేదెక్కుతుంది, ఒంటికీ మంచిది కాదు.

రమ్ములో తెల్లది వద్దు, నల్లదే కావాలి. 1954లో మొదలై ఇప్పటికీ ఏ వైన్ షాపులో అడిగినా దొరికే ఓల్డ్ మాంక్‌లో వెనీలా, మాడిన పంచదార వాసనలు ఎటూ ఉన్నవే, కస్టర్డ్‌కి అతికినట్టు సరిపోతాయి. ఖరీదైన రమ్ము తెచ్చి పాలలో పోయడం డబ్బు దండగ. పక్కన సికింద్రాబాద్ బేకరీల ప్లమ్ కేక్ ముక్క, గులాబీ పువ్వులు (అచ్చుతో నూనెలో వేయించే పిండివంట) ఉంటే ఇక వేరే డెజర్ట్ అక్కర్లేదు. గులాబీ పువ్వుని గ్లాసు మూతి మీద టోపీలా పెట్టి ఇస్తే పిల్లలు భలే సంబరపడతారు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. ఈ డ్రింకులో ఉన్న అసలు ప్రమాదం రంగు. రమ్ము పోసిన కస్టర్డ్, పొయ్యని కస్టర్డ్ పక్కపక్కన పెడితే తేడా దాదాపు తెలియదు. జగ్గులో రమ్ము కలిపి టేబుల్ మీద పెట్టడం అసలు వద్దు. మందు లేనివన్నీ స్టీలు గ్లాసుల్లో, మందు ఉన్నవి గాజు గ్లాసుల్లో ఇవ్వండి. చీటీలు అంటించడం కంటే ఈ గుర్తు అందరికీ చప్పున అర్థమవుతుంది.

డబుల్ కా మీఠా, నెయ్యి పట్టిన రమ్ము

నలుగురైదుగురు దగ్గరి స్నేహితులు, వాళ్లలో ఒకరిద్దరు మందు గురించి గంటలు గంటలు మాట్లాడే రకం. వాళ్ల ముందు పెట్టాల్సింది ఇది. డబుల్ రోటీని నేతిలో వేయించి, కుంకుమపువ్వు, ఏలకుల పాకంలో ముంచి, చిక్కటి పాలు పోస్తే డబుల్ కా మీఠా. దీన్ని డ్రింక్ చెయ్యాలంటే చాలామందికి ముందు తట్టేది ఆ బ్రెడ్డుని పాలతో సహా మిక్సీలో వెయ్యడం. అలా చేస్తే గ్లాసులోకి వచ్చేది జిగురు. బ్రెడ్డుని పక్కన పెట్టి, నేతి వాసనని రమ్ములోకి ఎక్కించాలి.

అదెలాగంటే, 375 మి.లీ. హాఫ్ బాటిల్ రమ్ముని వెడల్పు మూతి గాజు సీసాలో పోసి, కరిగించిన నెయ్యి మూడు టేబుల్‌స్పూన్లు అందులో పోయండి. మూత పెట్టి బాగా ఊపి, నాలుగు గంటలు బయటే ఉంచండి. మధ్యలో రెండు మూడుసార్లు ఊపండి. తర్వాత రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇంటి ఫ్రీజర్ చలికి రమ్ము గడ్డకట్టదు, నెయ్యి మాత్రం పైన పసుపుపచ్చని బిళ్లలా గట్టిపడుతుంది. తెల్లారాక ఆ బిళ్లకి చెంచా కాడతో ఒక అంచున కన్నం పెట్టి, రమ్ముని పలచని గుడ్డలో వంచితే సరి. చుక్క జిడ్డు ఉండదు, వాసన మాత్రం కాచిన వెన్నదే. బార్లలో దీన్ని ఫ్యాట్ వాషింగ్ అంటారు. న్యూయార్క్‌లోని పీడీటీ బార్‌లో డాన్ లీ 2007లో బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) కొవ్వుతో బర్బన్ అనే అమెరికన్ విస్కీకి ఇలా చేశాకే ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన నెయ్యికి ఆ మర్యాద ఎప్పుడో దక్కాల్సింది.

మిగిలిన పని తేలిక. అర లీటరు పాలు సగానికి మరిగించి చల్లార్చండి. నూటయాభై గ్రాముల పంచదార, అంతే నీళ్లు, కుంకుమపువ్వు, దంచిన ఏలకులు కలిపి పలచని పాకం పెట్టుకోండి. గ్లాసుకి చల్లని పాలు 60, పాకం 20, నేతి రమ్ము 45 మి.లీ. పాలలోకి రమ్ముని నెమ్మదిగా పోయాలి, రెండూ చల్లగా ఉండాలి. నేతిలో కరకరలాడేలా వేయించిన చిన్న బ్రెడ్డు త్రికోణం గ్లాసు అంచున. తాగుతూ దాన్ని ముంచుకు తింటుంటే మాటలు ఆగిపోతాయి. మందు వద్దన్నవాళ్లకి పాలు, పాకం, ఇంకో రెండు బ్రెడ్డు ముక్కలు ఇస్తే అది అసలైన డబుల్ కా మీఠాకి దగ్గరి చుట్టమే.

రుచిలో ఇది ఖుబానీకి గట్టి పోటీ. నేను రెండో స్థానంలో పెట్టడానికి కారణం శ్రమ, ఇంకా బరువు. బిర్యానీ తర్వాత నెయ్యి, చిక్కటి పాలు అంటే ఒక గ్లాసు దాటడం కష్టం. రాత్రి భోజనం తేలిగ్గా పెట్టుకున్న రోజున చెయ్యండి. అన్నట్టు, ఫ్రీజర్‌లో మిగిలిన ఆ నేతి బిళ్లలో రమ్ము అంటుకునే ఉంటుంది, పొరపాటున పిల్లల పప్పన్నంలోకి వెళ్లనివ్వకండి. కాచేస్తే మందు ఎగిరిపోతుందిలే అనుకుంటారు, మొత్తం పోదు.

కాఫీ

సాయంత్రం ఐదింటికి గుర్తొచ్చినవాళ్లకి ఇదే దిక్కు. వోడ్కా, కాఫీ లిక్కర్, పైన క్రీమ్ అయితే వైట్ రష్యన్. వోడ్కా, కాఫీ లిక్కర్, ఎస్ప్రెసో కలిపి నురగ వచ్చేలా ఊపితే ఎస్ప్రెసో మార్టినీ. ఈ రెండోదాన్ని 1980లలో లండన్‌లో డిక్ బ్రాడ్‌సెల్ అనే బార్‌టెండర్ తయారు చేశాడు. మనకి లిక్కర్ సీసా అక్కర్లేదు. చిక్కటి ఫిల్టర్ డికాక్షన్ 30 మి.లీ., బెల్లం పాకం 20, వోడ్కా 45, ఐసుతో బలంగా ఊపి, పైన క్రీమ్ జార్చితే పదంటే పది నిమిషాల పని. చికోరీ తక్కువ ఉన్న పొడి అయితే చేదు తగ్గుతుంది. మందు లేకుండా మాత్రం ఇది తీపి కోల్డ్ కాఫీయే, డెజర్ట్ అనిపించదు. పైగా రాత్రి పదింటికి తాగితే కాఫీ నిద్ర పట్టనివ్వదు, ఎక్కిన మత్తుని ఎక్కనట్టు భ్రమింపజేస్తుంది.

బ్రాందీ అలెగ్జాండర్ గురించి కూడా అడుగుతారు. బ్రాందీ, చాక్లెట్ లిక్కర్, క్రీమ్ మూడూ సమానంగా, తలా 30 మి.లీ. చాలా మంచి డ్రింకే, కానీ ఆ చాక్లెట్ లిక్కర్ ఒక్క రాత్రి కోసం కొనాలి. కోకో పొడితో పాకం చేసి పోస్తే వచ్చేది చాక్లెట్ మిల్క్‌షేక్ రుచి. ఐరిష్ క్రీమ్ (విస్కీ, క్రీమ్ కలిసిన తియ్యటి మందు) సీసా ఎవరైనా డ్యూటీ ఫ్రీలో తెచ్చి ఇస్తే ఐసు మీద ఉత్తదే పోసి ఇవ్వండి, నిమ్మ మాత్రం దగ్గరికి రానివ్వకండి, విరిగిపోతుంది.

ఫలూదాలో తెల్ల రమ్ము పోస్తే చూడటానికి బాగుంటుంది, ఫోటోలకి ఇంకా బాగుంటుంది. రోజ్ సిరప్, ఐస్‌క్రీమ్, సేమ్యా, సబ్జా అన్నీ ఉన్న గ్లాసులో మందు ఎక్కడుందో నాలుకకి దొరకదు, అదే దానితో పేచీ. చేస్తే మందు లేకుండానే చెయ్యండి. ఇక ఇరానీ చాయ్‌లో విస్కీ అనే ఫ్యాషన్ ఒకటుంది. చల్లారిన చాయ్ వగరు, విస్కీ ఘాటు కలిసి రెండింటి పరువూ తీస్తాయి. ఉస్మానియా బిస్కెట్‌ని పొడి చేసి ఖుబానీ గ్లాసు అంచుకి అద్దుకోండి, ఆ ఉప్పదనం తీపికి బాగా పనిచేస్తుంది.

మీ ఇంటికి ఏది?

ఆరుగురి నుంచి పది మంది దాకా, అన్ని వయసులవాళ్లు, ఒక రోజు ముందు తీరిక ఉంటే ఖుబానీ. అంతకు మించి జనం, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పార్టీ అయితే రమ్ము కస్టర్డ్. అక్కడ గ్లాసు గ్లాసుకీ షేకర్ ఊపే పని పెట్టుకుంటే మీరు పార్టీలో ఉన్నట్టే ఉండదు. కొద్దిమంది, తీరిక, తేలికపాటి భోజనం ఉంటే డబుల్ కా మీఠా. అప్పటికప్పుడైతే కాఫీ. అత్తగారి తరఫువాళ్లు ఎక్కువగా వస్తూ, ఎవరు తాగుతారో ఎవరు తాగరో తేల్చుకోలేకపోతే మళ్లీ ఖుబానీయే. గుజ్జూ క్రీమూ అందరికీ ఒకేలా వెళ్తాయి, బ్రాందీ వంటింట్లో గుట్టుగా పడుతుంది, అడిగినవాళ్లకే.

సీసాల లెక్క సులువు. 750 మి.లీ. ఫుల్ బాటిల్‌కి 45 చొప్పున పదహారు గ్లాసులు వస్తాయి. ఎనిమిది మందికి రెండేసి సరిపోతాయి, అంతకంటే ఎవరికీ పొయ్యకండి. 45 మి.లీ. అంటే ఒకటిన్నర చిన్న పెగ్గు. భోజనానికి ముందు రెండు పెగ్గులు పడి ఉన్నవాళ్లకి ఇది స్వీటులా గొంతు దిగిపోతుంది, ఘాటు తెలియదు కాబట్టి లెక్క తప్పుతుంది. భోజనానికి ముందు తాగినవాళ్లకి 30తో ఆపినా రుచికి లోటు రాదు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదు, కాలేజీ పిల్లలకి స్టీలు గ్లాసే ఇవ్వండి. డిసెంబర్ 31 రాత్రి ఊరంతా డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు ఉంటాయి. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసు, తియ్యగా తాగినా అంతే. వచ్చేటప్పుడే క్యాబ్‌లో రమ్మని చెప్పెయ్యండి.

మిగిలితే: క్రీమ్ పోసిన గ్లాసులు దాచకండి, పారబోయడమే. కస్టర్డ్ మర్నాటికల్లా అయిపోవాలి. మందు కలపని ఖుబానీ గుజ్జు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు బాగుంటుంది, వెనీలా ఐస్‌క్రీమ్ మీద వేసుకోవచ్చు. నేతి రమ్ము ఫ్రీజర్‌లో ఉంచితే సంక్రాంతి దాకా ఢోకా లేదు, కాకపోతే సీసా మీద పేరు రాసి పెట్టండి.